2017లో కొన్న కంప్యూటర్‌ని విండోస్ 11కి తెచ్చిన నా అనుభవం

మాది ఖమ్మంలో చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడూ ఎవరో ఒక పెద్దాయన రాసుకున్న పద్యాల పుస్తకం, ఇదీ మా పని. షాపులో రెండు కంప్యూటర్లున్నా అసలు పనంతా 2017 చివర్లో అసెంబుల్ చేయించిన దాని మీదే నడుస్తుంది. ఏఎండీ కంపెనీ రైజన్ 3 1200 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, అంతకుముందున్న కంప్యూటర్లోంచి తీసి పెట్టిన జీటీ 610 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్‌డిస్క్. తర్వాత 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించి విండోస్ 10ని దాని మీదికి మార్పించాను. ఇన్నేళ్లలో ఒక్క ఎస్‌ఎంపీఎస్, అంటే లోపల కరెంటు అందించే డబ్బా, తప్ప ఏదీ పాడవలేదు. పని విషయంలో నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయన్న మాట ముందే విన్నాను గానీ, జూలైలో స్క్రీన్ నిండా ఆ నోటీసు వచ్చి నిలబడే దాకా దాని గురించి కూర్చుని ఆలోచించలేదు. డీటీపీ షాపంటే రోజూ ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టి తీస్తారో లెక్కుండదు. ఆధార్ కాపీలు, పాసుపుస్తకాలు, పిల్లల మార్కుల మెమోలు మా వాట్సాప్‌కే పంపిస్తారు. జనం అంత నమ్మకంగా కాగితాలు ఇచ్చే మెషీన్‌ని అప్‌డేట్లు లేకుండా నెట్‌లో ఉంచడానికి నాకు మనసొప్పలేదు.

మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది. అది వేసి చూస్తే మూడు ఎర్ర గుర్తులు వచ్చాయి. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేదు, ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే తెరవనిచ్చే సెక్యూర్ బూట్ లేదు, ప్రాసెసర్‌కి సపోర్ట్ లేదు. ర్యామ్ 4 జీబీ, డిస్క్ 64 జీబీ ఉంటే చాలు కాబట్టి ఆ రెండిటితో ఇబ్బంది లేదు. ఊళ్లో తెలిసిన షాపులో అడిగితే, మెషీన్ మూత కూడా తీయకుండానే, "బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ పోవాలి సార్, కొత్తది తీసుకోండి, 38 వేలవుతుంది" అన్నారు. సరే ఆలోచించి చెప్తానని వచ్చేశాను. అడిగిన వెంటనే ఆ 38 వేలు పెట్టేసి ఉంటే చాలా బాధపడేవాణ్ణి, ఎందుకంటే ఆ మూడు ఎర్ర గుర్తులూ ఒకే రకం సమస్యలు కావు. రెండు కేవలం సెట్టింగులు. మూడోదానికి మాత్రమే డబ్బు పెట్టాలి. ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదనిపించి ఇదంతా రాస్తున్నాను.

మా మేనల్లుడు బీటెక్ మూడో సంవత్సరం. వాడు మొదట చెప్పింది వేరే దారి. "మామయ్యా, రూఫస్ అనే ప్రోగ్రాంతో విండోస్ 11 పెన్‌డ్రైవ్ తయారు చేస్తే ఈ చెకింగ్‌లన్నీ దాటేసి ఎక్కేస్తుంది, మా హాస్టల్లో సగం మంది అలాగే వేసుకున్నారు" అన్నాడు. నిజమే, ఎక్కుతుంది. కానీ సపోర్ట్ లేని మెషీన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ ఇవ్వమని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా రాసింది. నేను ఇంత తిప్పలు పడేదే అప్‌డేట్ల కోసం. ఆడుకునే కంప్యూటరైతే వేరు, బతుకుతెరువు మెషీన్‌కి ఆ పని చేయనన్నాను. ఇంకో దారి, విండోస్ 10నే ఉంచుకుని ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ దాకా, ఈఎస్‌యూ అనే పథకం కింద సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోవడం. సెట్టింగులు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి సింక్ చేస్తే అది ఉచితం, లేదంటే 30 డాలర్లు. మా అన్నయ్య ల్యాప్‌టాప్ ఆరో జనరేషన్ ఇంటెల్, దాంట్లో మార్చడానికి ఏమీ లేదు కాబట్టి దానికి అదే చేశాం. నా మెషీన్‌కి మాత్రం మార్గం ఉన్నట్టు తోచింది.

మొదట టీపీఎం. తాళంచెవుల్లాంటి రహస్య కోడ్‌లని విండోస్‌కి బయట, భద్రంగా దాచే చోటు అది. దానికోసం విడిగా ఒక చిప్ కొనాలని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. 2017 నాటి రైజన్ మెషీన్లలో అది ప్రాసెసర్‌తో పాటే వస్తుంది, కాకపోతే బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, ఆపేసి ఉంటుంది. ఆన్ చేయగానే డిలీట్ కీ కొడుతూ బయాస్‌లోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ మెనూలో ఎఫ్‌టీపీఎం అన్న చోట ఎనేబుల్ చేసి సేవ్ చేశాను. ఇంటెల్ బోర్డుల్లో దాన్నే పీటీటీ అంటారు. మళ్లీ హెల్త్ చెక్ వేస్తే మూడింట్లో ఒక ఎర్ర గుర్తు పోయింది. పది నిమిషాల పని. పైసా ఖర్చు లేదు. మీ డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం ఇలా బయాస్‌లో చెయ్యి పెట్టే ముందు దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఆ ఉత్సాహంలో తప్పు చేశాను. సెక్యూర్ బూట్ ఆన్ అవ్వాలంటే కంప్యూటర్‌ని స్టార్ట్ చేసే సీఎస్‌ఎం అనే పాత పద్ధతి ఆపాలని చదివి, అదీ వెంటనే ఆపేశాను. రీస్టార్ట్ చేస్తే మానిటర్ మీద ఏమీ లేదు, నల్లటి తెర. బయాస్ కూడా కనిపించడం లేదు. సాయంత్రం ఒకాయన గృహప్రవేశం కార్డుల ప్రూఫ్ కోసం వస్తానన్నాడు, నాకు చెమటలు పట్టాయి. కారణం తర్వాత తెలిసింది. నా పాత జీటీ 610 కార్డుకి కొత్త పద్ధతిలో, అంటే యూఈఎఫ్‌ఐలో, బొమ్మ చూపించే ఏర్పాటే లేదు. సీఎస్‌ఎం ఉంటేనే అది పనిచేస్తుంది. రైజన్ 3 1200కి సొంత గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి బోర్డు వెనక హెచ్‌డీఎంఐకి తగిలించినా లాభం లేదు. కరెంటు తీసేసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ పావుగంట బయటపెట్టి, మళ్లీ పెడితే సెట్టింగులన్నీ మొదటికొచ్చి తెర వెలిగింది. డేటాకి ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి మిగతా పనంతా ఆగి, వరస రాసుకుని చేశాను.

ఇక ప్రాసెసర్. ఇక్కడ కొంచెం నిదానంగా చూసుకోవాలి, మోసపోయే అవకాశం ఇక్కడే ఎక్కువ. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి సపోర్ట్ ఉంది, అంటే ఐ5 7400 పనికిరాదు, ఐ5 8400 పనికొస్తుంది. కానీ రెండిటి సాకెట్టూ, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, 1151 అయినా, ఆరో ఏడో జనరేషన్ బోర్డులో ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ పనిచేయదు. కాబట్టి ఆ బోర్డులున్నవాళ్లు ప్రాసెసర్ ఒక్కటే కొని మారుద్దామని బయల్దేరకండి. రైజన్‌ది వేరే కథ. ఏఎం4 సాకెట్ చాలాకాలం నడిచింది, 2017లో కొన్న బీ350 బోర్డు మీద 2021 నాటి ప్రాసెసర్ కూడా కూర్చుంటుంది, బయాస్ అప్‌డేట్ చేస్తే. సపోర్ట్ 2000 సిరీస్ నుంచి అంటారు కదా అని, సెకండ్‌హ్యాండ్‌లో ఒకాయన రైజన్ 3 2200జీ మూడు వేలకే ఇస్తానంటే బేరం దాదాపు ఖాయం చేసుకున్నాను. మేనల్లుడు మైక్రోసాఫ్ట్ పెట్టిన లిస్టు వరసగా చదివి, "మామయ్యా ఆగండి, 2600 ఉంది, 2700 ఉంది, 2200జీ లేదు" అన్నాడు. పేరులో 2 ఉన్నా లోపల నా 1200 తరం డిజైనే అట అది. ఆ పూట వాడు నాకు మూడు వేలు మిగిల్చాడు. లిస్టులో మీరు కొనబోయే మోడల్ నంబర్ అక్షరం అక్షరం చూసుకోండి, సిరీస్ చూసి కొనకండి.

చివరికి రైజన్ 5 5600జీ అనుకున్నాం. 3600 కొంచెం తక్కువకొచ్చేది, కానీ దానికి సొంత గ్రాఫిక్స్ ఉండవు, మళ్లీ ఒక కార్డు కొనాలి. 5600జీకి గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి కాబట్టి ఆ జీటీ 610 బెడద కూడా దాంతోనే తీరిపోతుంది. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌లో కొంత వాడుకుంటాయి కాబట్టి ఇంకో 8 జీబీ స్టిక్ కూడా వేయాలనుకున్నాం. కొనే ముందు బోర్డు కంపెనీ సైట్‌లో మన బోర్డు పేజీ తెరిచి, సీపీయూ సపోర్ట్ లిస్టులో 5600జీ ఉందా, దానికి ఏ బయాస్ వెర్షన్ కావాలి అన్నది చూసుకున్నాం. ఉంది, 2022లో వచ్చిన వెర్షన్ నుంచి.

సెప్టెంబర్‌లో పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి, పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, మనమంతా సీటీసీ అంటాం కదా, అక్కడ నాలుగైదు షాపులు తిరిగాను. ఒకచోట ట్రే ప్రాసెసర్, అంటే డబ్బా లేనిది, పదిహేను వందలు తక్కువకిస్తామన్నారు. డబ్బాలోదానికి మూడేళ్ల వారంటీ, ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ కూడా వస్తాయి కాబట్టి అదే తీసుకున్నాను. ప్రాసెసర్, ర్యామ్ కలిపి 13 వేల పైచిలుకు, బిల్లుతో. సాయంత్రం బండికి తిరిగొచ్చేశాను.

ఆదివారం షాపు మూసి పని మొదలుపెట్టాం. అంతకు ముందు వారమే మొత్తం డేటా రెండు చోట్ల కాపీ చేశాను, ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో, ఇంకోటి ఇంట్లో ల్యాప్‌టాప్‌లో. ఇందులో బద్ధకం వద్దు. మా దగ్గర పేజీలు తయారు చేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఎనిమిదేళ్ల ఫైళ్లున్నాయి, అన్నీ అను అనే తెలుగు ఫాంట్లలో. అవి యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లకీ తెలిసిన రకం, కావు, ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే పెళ్లికొడుకు పేరు బదులు అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. అందుకని ఫైళ్లతో పాటు ఫాంట్ల ఫోల్డరూ, సాఫ్ట్‌వేర్ సీడీలూ కూడా కాపీ పెట్టాను.

మొదటి పని బయాస్ అప్‌డేట్. ఇది పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి. కొత్తది పెట్టాక పాత బయాస్‌కి అది ఎవరో తెలియదు, తెర రాదు. మా బోర్డుకి నేరుగా చివరి వెర్షన్ వేయకూడదు, మధ్యలో ఒక వెర్షన్ వేసి ఆ తర్వాత చివరిది వేయమని ఆ పేజీలోనే రాసి ఉంది. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఫైల్ పెట్టుకుని, బయాస్ లోపలి మెనూ నుంచే రెండుసార్లు చేశాం. మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. మా యూపీఎస్ బ్యాటరీ మీద నమ్మకం లేక పక్క షాపు ఆయన యూపీఎస్ అడిగి తెచ్చుకున్నాను. ఒక్కోసారి నాలుగైదు నిమిషాలే, కానీ ఆ శాతం అంకెలు కదులుతున్నంతసేపూ ఇద్దరం మాట్లాడుకోలేదు.

రెండోది డిస్క్. విండోస్ 10ని వేసినాయన డిస్క్‌ని భాగాలు చేసే పాత ఎంబీఆర్ పద్ధతిలో వేశాడు, సెక్యూర్ బూట్‌కి జీపీటీ అనే కొత్త పద్ధతి కావాలి. అంతా ఫార్మాట్ చేసి మళ్లీ వేయాలని చాలామంది చెప్తారు, అక్కర్లేదు. విండోస్ 10 లోపలే ఎంబీఆర్‌టూజీపీటీ అనే కమాండ్ ఉంది, డేటా పోకుండా మారుస్తుంది. ముందు వాలిడేట్ అని చేర్చి వేస్తే వీలవుతుందో లేదో మాత్రమే చూసి చెబుతుంది, ఏమీ మార్చదు. మాకు మొదటిసారి ఫెయిల్ అని వచ్చింది. రెండు కారణాలు. మా ఎస్‌ఎస్‌డీ డిస్క్ 0 కాదు, 1, హార్డ్‌డిస్క్ 0గా ఉంది, అందుకని నంబర్ విడిగా ఇవ్వాలి. ఇంకోటి, ఎస్‌ఎస్‌డీలో నాలుగు పార్టిషన్లు, అంటే భాగాలు, ఉన్నాయి, ఈ కమాండ్‌కి మూడుకు మించి ఉండకూడదు. నేను ఫాంట్లు పెట్టుకున్న చిన్న డీ డ్రైవ్‌ని కాపీ చేసుకుని తీసేస్తే మూడయ్యాయి. మళ్లీ వాలిడేట్ చేస్తే సరేనంది, అప్పుడు కన్వర్ట్ ఇచ్చాం, నిమిషంలో అయిపోయింది. తర్వాత బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ అని కొత్త పేరు కనిపించింది, దాన్ని ఎంచుకుంటే ఎప్పటిలాగే విండోస్ 10 తెరుచుకుంది. ఈ పని ప్రాసెసర్ మార్చే ముందే ఎందుకంటే, కొన్ని బోర్డుల్లో 5600జీ లోపలి గ్రాఫిక్స్ సీఎస్‌ఎంలో పనిచేయవని మేనల్లుడు చదివాడు. అలాగైతే పాత పద్ధతిలో ఉన్న డిస్క్ తెరవలేక ఇరుక్కుపోయేవాళ్లం.

మూడోది ప్రాసెసర్ మార్చడం. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎనిమిదేళ్లకి రాయిలా గట్టిపడి ఉంటుంది. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, కూలర్‌ని నిలువుగా లాగితే సాకెట్ తాళం వేసి ఉన్నా ప్రాసెసర్ దాంతో పాటే ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకని ముందు అరగంట పెద్ద ఫైళ్లతో మెషీన్‌ని నడిపి వేడెక్కించి, ఆపేసి, కరెంటు తీసి, నాలుగు స్క్రూలు విప్పి, కూలర్‌ని పైకి లాగకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పాం. రెండు నిమిషాలకి కిర్రుమని వదిలింది. ప్రాసెసర్ దాని చోటులోనే ఉంది. కొత్తదాన్ని మూల మీది బంగారు రంగు త్రికోణం సాకెట్ త్రికోణంతో కలిసేలా పెట్టగానే బరువుకే లోపలికి దిగింది. దాన్ని నొక్కకూడదు. గ్రాఫిక్స్ కార్డు తీసేసి, రెండో ర్యామ్ పెట్టి, మానిటర్ కేబుల్‌ని బోర్డు హెచ్‌డీఎంఐకి తగిలించాను. ఇన్నేళ్లుగా ఆ రంధ్రంలో ఎప్పుడూ వెలుగు రాలేదు.

ఆన్ చేశాక దాదాపు రెండు నిమిషాలు ఏమీ రాలేదు. ఫ్యాన్ తిరుగుతోంది, తెర నలుపు. ఆపేద్దామా అన్నాను. "ఉండండి మామయ్యా, కొత్త ర్యామ్‌ని సరిచూసుకుంటోంది" అన్నాడు వాడు. తర్వాత తెల్ల అక్షరాలతో ఒక ప్రశ్న వచ్చింది, కొత్త ప్రాసెసర్ పెట్టారు, ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయమంటారా, వై కొట్టండి లేదా ఎన్ కొట్టండి అని. బిట్‌లాకర్ ఉన్నవాళ్లు ఇక్కడ ఆగాలి, రికవరీ కీ లేకుండా వై కొడితే డిస్క్ తెరుచుకోదు. మాకు అది లేదు కాబట్టి వై కొట్టాం. బయాస్‌లోకి వెళ్లి ఎఫ్‌టీపీఎం ఎనేబుల్‌లో ఉండేలా చూసి, సీఎస్‌ఎం ఆపి, సెక్యూర్ బూట్ ఆన్ చేసి, డీఫాల్ట్ కీలు లోడ్ చేశాం. విండోస్ 10 తెరుచుకుంది. హెల్త్ చెక్ వేస్తే అన్నీ పచ్చ. యాక్టివేషన్ కూడా పోలేదు, బోర్డు అదే కదా.

విండోస్ 11 ఎక్కడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఇన్‌స్టాలేషన్ అసిస్టెంట్‌తో గంటన్నర పట్టింది, ఫైళ్లూ ప్రోగ్రాంలూ అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నచ్చకపోతే పది రోజుల్లోపు వెనక్కి వెళ్లే వీలుంది.

నా అసలు టెన్షన్ పేజ్‌మేకర్ గురించి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 మీద ఇప్పటికీ నా కడుపు నిండుతోంది. ఐకాన్ నొక్కితే తెరుచుకుంది. తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఆన్ చేసి టైప్ చేస్తే మాత్రం తెలుగు రాలేదు, ఇంగ్లీషు అక్షరాలే పడుతున్నాయి. అరగంట అదీ ఇదీ మార్చి చూశాక తేలిందేమిటంటే, పేజ్‌మేకర్ అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే పూర్తి అధికారాలతో, నడుస్తోంది, అను మామూలుగా నడుస్తోంది. అలాంటప్పుడు కింది స్థాయిలో ఉన్నది పై స్థాయిలో ఉన్నదాని కీబోర్డుని పట్టుకోలేదట. రెండిటి ప్రాపర్టీస్‌లోనూ అడ్మినిస్ట్రేటర్‌గా నడిచేలా టిక్ పెట్టాం. అప్పుడు తెలుగు పడింది. మీలో డీటీపీ వాళ్లెవరైనా ఉంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, నాకు నిద్ర పట్టనివ్వని విషయం ఇదే. పాత లేజర్ ప్రింటర్ కూడా విండోస్ 10 డ్రైవర్‌తోనే పనిచేస్తోంది. రైట్ క్లిక్ మెనూలో కావాల్సినవి ఇంకో క్లిక్ దూరం వెళ్లడం నాకిప్పటికీ నచ్చదు, స్టార్ట్ బటన్‌ని మాత్రం సెట్టింగుల్లో ఎడమవైపుకి జరుపుకున్నాను.

డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మూడు విడతలు, రాత్రి రెండింటి దాకా కరపత్రాలు, గుర్తులతో నమూనా బ్యాలెట్లు, ఒకే ఊరి నుంచి నలుగురు అభ్యర్థులు వరసలో కూర్చుని ఉండేవాళ్లు. ఫోటోలతో నిండిన ఫైళ్లు ఇదివరకు తెరుచుకోవడానికి టీ తాగి రావాల్సి వచ్చేది, ఇప్పుడు చెప్పిన మార్పు కస్టమర్ కళ్ల ముందే చేసి చూపిస్తున్నాను. తీసిన 1200 ప్రాసెసర్‌ని మేనల్లుడికే ఇచ్చాను, హాస్టల్లో ఎవరి బోర్డులోనో పెట్టి నడుపుతున్నారట.

మొన్న ఒకావిడ వచ్చి, 2018లో మా దగ్గర వేయించిన తన పెళ్లి కార్డు మళ్లీ ఒక కాపీ కావాలంది, వాళ్ల అత్తగారింట్లో వరద నీళ్లకి ఆల్బమ్‌తో పాటు అదీ పోయిందట. పేరు, నెల అడిగి వెతికి ఫైల్ తెరిచాను. వత్తులు, గుణింతాలు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రింట్ తీసి ఇచ్చాను, ఆవిడ అక్కడే నిలబడి మొత్తం చదువుకుంది.